రాగిచేనిలో దాసోహము



పలమనేరు, కుప్పము ప్రాంతముల మెట్టచేలలో రాగి ఒక్కనాడే పండదు. తల్లిమొక్క వెన్ను ముదిరి రంగు తిరిగినప్పుడు పిలకల వెన్నులు ఇంకను పచ్చిగానే యుండును. అందుచేత పండినవానిని కొడవలితో ముందుగా కోసి, తక్కినవానికై మరల రావలసియుండును. చిన్న కమతములో ఈ వివేకము చేతికే చెల్లును. అయితే చేతులు చాలినన్ని యుండవలెను. ఈశాన్యపు వానలు కోతలనాటికే దిగును. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు సీమలను ముంచిన వానలను మరచినవారెవరు? పండిన వెన్ను తడిలో నిలిచినచో చేనిలోనే మొలకెత్తును.

ఇట్టి వేళకై పెద్దలు ముయ్యి ఏర్పరచుకొనిరి. నేడు నీ చేను, రేపు నా చేను. మంచి కట్టుబాటే. కాని ముయ్యి తీర్చుటకు ఇంటిలో చేతులుండవలెను. ఒంటరి ముసలమ్మ అరయెకరమునకు ఎవరు ముయ్యి వత్తురు? ఆమె ఎవరిని పంపి బదులు తీర్చును? ఆ లెక్క ఆగినచోటనే దాసోహము మొదలగును.

దాసోహమనగా పంక్తిలో అన్నము వడ్డించుట మాత్రమేయని కొందరు తలతురు. అన్నమునకు ముందు గింజ కలదు. గింజకు ముందు వంగిన నడుము కలదు.

12వ శతాబ్దిలో కల్యాణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నేల రాలిన బియ్యము ఏరి దాసోహము చేసిరి. ఒకనాడు మారయ్య నిత్యముకన్న హెచ్చు తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు, ఆ బియ్యమును తెచ్చినచోటనే పోసిరమ్మని పంపెను. కాయకమును కైలాసముగా చెప్పిన వాక్యము బసవేశ్వరునిదని లోకము తలచును. అది మారయ్య వచనములోనిది. గింజలేరిన చేతినుండి ఆ మాట వచ్చినది!

లక్కమ్మ మాట నేడు కోతసాయమునకు పోవువారికి సూటిగా తగులును. వారు ఆ చేనినుండి పిడికెడు రాగులైనను తెచ్చుకొనరు, నిజమే. కాని "మేము చేసితిమి" అను మాటను మూటకట్టుకొని వత్తురు. అదియు హెచ్చు బియ్యమే. మధ్యాహ్నము ముసలమ్మ సంగటి ముద్ద పెట్టబోగా వద్దనుటయు ఒక గర్వమే. ఆమెకును దాసోహము చేయు హక్కు కలదు. గట్టుమీద ఆమె ప్రక్కన కూర్చుండి, పెట్టినది తినవలెను. కళ్ళము దారిలో రాలిన వెన్నులను ఏరి ఆమె గంపలోనే వేయవలెను.

తొలికోతనాడు జనము హెచ్చుగానే వత్తురు, ఫోటోలును తీయుదురు. పిలకల వెన్నులు పండునాటికి గుంపు పలుచబడును. ముసలమ్మ మాత్రము గట్టుమీద నిలిచి దారి చూచుచుండును.