ఐదు ఆల్బమ్‌ల ఒట్టు

కెంటకీ గాయకుడు స్టర్జిల్ సింప్సన్ ఒకప్పుడు నలుగురి ముందూ ఒక మాట అన్నాడు. తన పేరు మీద ఐదు ఆల్బమ్‌లే వస్తాయి, ఆరోది ఉండదు అని. 2013లో మొదటిది వచ్చింది, 2021లో ఐదోది. అక్కడితో ఆపాడు. తీరా 2024 జులైలో ‘పసాజ్ దు దెజీర్’ అని కొత్త ఆల్బమ్ దిగింది. పారిస్‌లో ఓ చిన్న సందు పేరట అది. గొంతు అదే, పాట కట్టే తీరూ అదే. అట్ట మీద పేరు మాత్రం జానీ బ్లూ స్కైస్.

“పేరు మార్చుకుని బాకీ ఎగ్గొట్టినట్టుందండీ,” అంది మా ఆవిడ.

మేం ఉండేది లెక్సింగ్‌టన్‌లో. సింప్సన్ పుట్టిన జాక్సన్ ఊరు ఇదే రాష్ట్రంలో, తూర్పున బొగ్గు కొండల్లో ఉంది. అతని పాటలు మా కారులో మోగుతూనే ఉంటాయి కనక ఇంట్లో అతని మంచిచెడ్డలు మాట్లాడే హక్కు మాకుందనుకుంటాం. ఆవిడ మాటని నవ్వి వదిలెయ్యబుద్ధి కాలేదు. రాజమండ్రిలో మా నాన్న భారతం పురాణం చెప్పేవారు. ఒట్టు అనగానే నా బుర్ర అటు పరిగెడుతుంది. ఒట్టు పెట్టేది మనిషా, అతని పేరా? పేరు వదిలేస్తే ఒట్టు కూడా వదిలిపోతుందా?

ముందు లెక్క చూద్దాం. 2020లో సింప్సన్ ఎక్కువగా తన పాత పాటల్నే బాంజో, ఫిడేలు, మాండలిన్‌లతో బ్లూగ్రాస్ బాణీలోకి మార్చి రెండు ఆల్బమ్‌లు చేశాడు. అవి కూడా కలిపితే ఐదు కాదు, ఏడు. కొత్త పాటల ఆల్బమ్‌లు కావు గనక ఆ రెండింటినీ లెక్కలోంచి తీసేశాడు. అంటే పేరు మార్చకముందే కొంత సందు చూసుకున్నాడన్నమాట.

పేరు మార్చి పాత మనిషికి ముగింపు చెప్పే పద్ధతి మనకీ ఉంది. సన్యాసం పుచ్చుకునేవాడు బతికుండగానే తన శ్రాద్ధం తనే పెట్టుకుంటాడు. విరజాహోమం చేసి శిఖనీ జంధ్యాన్నీ వదులుకుంటాడు. గురువు కొత్త పేరు పెడతాడు. హిందూ లా కూడా ఆ మనిషిని లౌకికంగా చనిపోయినవాడిగానే చూసింది, ఆస్తి వారసులకి పోతుంది. అయితే అలా పోయినవాడు మర్నాడు పొద్దున్నే వచ్చి పాత కొట్టు తాళం తియ్యడు. సింప్సన్ తీశాడు. ఆ ఆల్బమ్ వచ్చిన ఏడే ‘వై నాట్?’ అని టూర్ పెట్టాడు, పోస్టర్ల మీద స్టర్జిల్ సింప్సన్ అనే వేశారు. రికార్డు మీద పోయినవాడు వేదిక మీద నిక్షేపంలా ఉన్నాడు.

ఒట్టునే పేరుగా మోసిన మనిషి భీష్ముడు. దాశరాజు ముందు బ్రహ్మచర్య ప్రతిజ్ఞ చేసేదాకా ఆయన దేవవ్రతుడు. తమ్ముడు విచిత్రవీర్యుడు పిల్లలు లేకుండా పోయాక, ఎవరి కోసం ఆ ప్రతిజ్ఞ చేశాడో ఆ సత్యవతే వచ్చి, వంశం నిలబెట్టమని బతిమాలింది. బాకీ ఇచ్చినవాళ్ళే పత్రం చింపేస్తామంటే ఈయన ససేమిరా అన్నాడు. ఈ ఘట్టం దగ్గర మా నాన్న గొంతు పెంచేవారు, ముందు వరసలో ముసలమ్మలు చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు. ఆయన ఆ పూట కాపాడింది సత్యాన్నా, భీష్ముడన్న పేరునా అనే అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అర్జునుడి సంగతి వేరు. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమని ఎవరన్నా సరే, వాళ్ళ తల తీస్తానని అతనికి లోలోపల ఒక వ్రతం. కర్ణపర్వంలో, కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరంలో పడుకున్న ధర్మరాజు సరిగ్గా ఆ మాటే అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. కృష్ణుడు అడ్డుపడి ముందు కౌశికుడి కథ చెప్పాడు. నిజమే చెబుతానని వ్రతం పట్టిన ఆ బ్రాహ్మడు, దాక్కున్నవాళ్ళ జాడ దొంగలకి చెప్పేసి, వాళ్ళ చావుకి కారణమై నరకానికి పోయాడు. తర్వాత ఉపాయం చెప్పాడు: పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని తూలనాడితే చంపినట్టే, అలా చెయ్యి అని. అర్జునుడు అన్నని నోటికొచ్చినట్టు తిట్టాడు. వ్రతం తీరిపోయింది.

చిన్నప్పుడు నాకిది తొండాటలా అనిపించేది. కానీ తిట్టాక అర్జునుడు ఏం చేశాడు? మళ్ళీ కత్తి దూశాడు, ఈసారి తనని తాను నరుక్కోడానికి. ఆ ‘నువ్వు’ తగిలింది ధర్మరాజుకే కాదు, అన్నవాడికీ తగిలింది. (నిన్ను నువ్వు పొగుడుకో, అదే ఆత్మహత్య అని కృష్ణుడు అక్కడా ఒక దారి చూపించాడు. పొద్దున్న లేస్తే అదే పనిగా ఉండే మన కాలానికి ఆ శిక్ష అర్థం కాదు.) ఒట్టుకి బదులు ఇంకోటి చెల్లించొచ్చు, అయితే ఆ చెల్లింపు చెల్లించేవాడికి నొప్పెట్టాలి. నాకు తోచిన కొలబద్ద ఇది.

దీంతో సింప్సన్‌ని కొలిస్తే? పాత ఆల్బమ్‌లు చాలావాటికి పైన ఒక తొడుగు ఉండేది. గ్రామీ తెచ్చిన 2016 ఆల్బమ్ పెద్దకొడుక్కి రాసిన ఉత్తరంలా సాగుతుంది. 2019 నాటిదానికి జపాన్ యానిమే సినిమా తోడైంది. 2021 నాటిది అంతర్యుద్ధకాలం నాటి కెంటకీ కథ. జానీ బ్లూ స్కైస్‌కి ఏ తొడుగూ లేదు. ‘జూపిటర్స్ ఫెయిరీ’లో ఎప్పుడో దూరమైన స్నేహాన్ని మళ్ళీ పలకరిద్దామనుకునేసరికి ఆ మనిషే లేదు. ‘స్కూటర్ బ్లూస్’లో అన్నీ వదిలి ఏదో దీవికి పోయి స్కూటర్ మీద తిరుగుదామన్న ఊహ, వానప్రస్థాన్ని ఇంత సరదాగా ఇంకెవరూ పాడి ఉండరు. ‘హూ ఐ యామ్’ పాత కాలపు కంట్రీ పాటలా నడుస్తూనే నేనెవరన్న ప్రశ్న అడుగుతుంది. చివరి పాట దాదాపు తొమ్మిది నిమిషాలు. సగం దాటాక మాటలుండవు, గిటారే ఏడుస్తుంది. సింప్సన్ అన్న పేరు మీద ఈ మనిషి ఇంత బాహాటంగా దిగులుపడగలిగేవాడు కాదనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఆ పేరే కవచం. కర్ణుడిలా దాన్ని కోసి ఇవ్వడం ఊరికే అయ్యే పని కాదు. కాబట్టి ఆల్బమ్ మటుకు ఒట్టు చెల్లిందనే నా తీర్పు.

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. కర్ణపర్వం దాకా ఓపిగ్గానే విన్నది.

“సరే గానీ, అర్జునుడు ఆ తర్వాత టికెట్లు అమ్మలేదు కదండీ,” అంది.