చింతచెట్టు మన గేటు లోపల ఉంటే?

ఎయిర్‌పోర్టు పుణ్యమా అని భోగాపురం రాత మారిపోయింది. విశాఖ నుంచి హైవే మీద వస్తుంటే రోడ్డు పొడవునా విల్లాల బోర్డులే. సంపాదించి ఇల్లు కట్టుకోవడం గృహస్థధర్మమే, అందులో తప్పేం లేదు. నా సందేహం వేరు. ప్రహరీ లోపల ఉంటూ మనం ఆ ఊరివాళ్లం అవుతామా?

మన జిల్లాలోనే జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గుర్తుచేసుకోండి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, విజయనగరంలో పూజారి కూర్చుని ఊరేగే ఆ మాను ఒక చింతచెట్టు. అదెక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతారని నమ్మకం. ఏ ఊళ్లో, ఎవరి స్థలంలో ఉంటుందో ముందు ఎవరికీ తెలీదు. ఆ స్థలం వాళ్లు మాత్రం చెట్టు పోయిందనుకోరు, అమ్మ మా గడప తొక్కిందంటారు.

రేపు ఆ చెట్టు మన గేటెడ్ కమ్యూనిటీ పార్కులో కనిపించిందనుకోండి. సెక్యూరిటీ అతను పూజారిగారిని ఏ ఫ్లాట్‌కి వచ్చారని అడుగుతాడా? అసోసియేషన్ గ్రూపులో పోల్ పెడతామా? (పెడతాం, నాకు తెలుసు!) నెలనెలా మెయింటెనెన్స్ కట్టడం వేరు, ఊరు అడిగినప్పుడు ఇవ్వడం వేరు.

ఆ విమానాశ్రయం కోసం ఇళ్లు వదిలి వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల చేతిలోంచి పోయింది ఒక చెట్టు కాదు, ఊరే. గ్రామదేవత పండక్కి చందా అడుగుతూ వాళ్లు మన గేటు దగ్గరకొస్తే, ఎంతసేపు నిలబెడతాం?