ఎంతవరకు? ఎవరి వలన?



నలుబది సంవత్సరములు చుట్ట కాల్చిన వానికి గొంతులో క్యాన్సరు అని తెలిసినప్పుడు అతని మంచమునొద్ద రెండు ప్రశ్నలు వినబడును. "వ్యాధి ఎంతవరకు పాకినది?" అని వైద్యుడడుగును. "ఇది ఎవరి వలన వచ్చినది? తాను తెచ్చుకొన్నదే గదా?" అని ఇరుగుపొరుగువారందురు. ఈ రెంటిలో ప్రేమగల ప్రశ్న యేది?

వైద్యుని ప్రశ్నకు జవాబు వెదకు సాధనములలో పెట్ స్కాన్ ఒకటి. రోగి సుమారు 6 గంటలు ఆహారము మానవలెను. పిమ్మట స్వల్ప రేడియోధార్మికత గల, చక్కెర వంటి మందును నరములోనికి ఎక్కింతురు. ఇంచుమించు గంటసేపు విశ్రమించిన తరువాత యంత్రము చిత్రము తీయును. క్యాన్సరు కణములు చక్కెరను ఎక్కువగా లాగుకొనును గనుక అవి యున్న చోటు చిత్రములో మెరయును. వ్యాధి మెడ గ్రంథులకు పాకినదా, ఊపిరితిత్తులకు చేరినదా, పొగ వలన అక్కడ వేరొక క్యాన్సరు పుట్టినదా అను సంగతులు దీనివలన తెలియవచ్చును. అయితే వాపు ఉన్న చోటును మెరయును; మిక్కిలి చిన్న గడ్డ కనబడకపోవచ్చును. కాబట్టి అనుమానమున్న చోట ముక్క తీసి పరీక్షింతురు.

"నాల్గవ దశ" అని వినగానే కొందరు రోగిని ఇంటికి తీసికొనిపోయి చావుకొరకు కనిపెట్టుదురు. అది తొందరపాటు. గొంతు క్యాన్సరు దూరపు అవయవములకు పోకపోయినను నాల్గవ దశ అనబడవచ్చును. అట్టివారిలో అనేకులకు నయము చేయు ఉద్దేశముతోనే శస్త్రచికిత్స గాని రేడియేషను గాని మందులు గాని ఇత్తురు.

రెండవ ప్రశ్నకు జవాబు మనకు తెలిసినదే. పొగాకు గొంతు క్యాన్సరుకు కారణము, దాచనక్కరలేదు. ఆ సత్యము ఇంకను కాల్చుచున్న యౌవనునికి మేలు. ఇప్పుడు మానినను చికిత్స మెరుగుగా పనిచేయును గనుక రోగికిని మేలే. నింద మాత్రము ఎవరికిని మేలు చేయదు. నిందకు వెరచినవాడు తన గొంతు బొంగురును దాచుకొని ఆలస్యముగా వైద్యునియొద్దకు పోవును. మూడు వారములు దాటినను తగ్గని బొంగురును చూపించుకొనవలెను.

లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుని తలంచుడి. దొంగలున్న దారిని ఒంటరిగా ఏల వచ్చితివని అతడు అడుగలేదు. గాయములెక్కడ నున్నవో చూచి కట్టెను. పూటకూళ్ల యింటి ఖర్చు తానే పెట్టుకొనెను.

మన సంఘములో అట్టి రోగి యున్నయెడల మనమడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: స్కాను నాడు పట్టణమునకు అతనితో కూడ ఎవరు పోవుదురు?