కనిపించిన ఫెయిరీలు: ఒక ప్రమాణ విచారం

కళ్లారా చూశామని ఒకరు చెప్పిన మాటను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అన్న ప్రశ్నకు భారతీయ దర్శనాలలో భాట్ట మీమాంస ఇచ్చిన సమాధానం ఆశ్చర్యం కలిగించేంత ఉదారమైనది. కుమారిల భట్టు మతంలో ప్రతి జ్ఞానమూ పుట్టుకతోనే ప్రమాణం, దీనినే స్వతఃప్రామాణ్యమంటారు. ఆ జ్ఞానాన్ని తోసిపుచ్చడానికి రెండే దారులున్నాయి. దానికి విరుద్ధమైన, బలమైన మరో జ్ఞానం కలగాలి, ఇది బాధకప్రత్యయం. లేదా ఆ జ్ఞానాన్ని పుట్టించిన సామగ్రిలో, అంటే కంటిలోనో, వెలుతురులోనో, చెప్పినవారి నిజాయితీలోనో లోపమున్నట్టు తెలియాలి, ఇది కారణదోషజ్ఞానం. వింత దర్శనాలకు చెప్పే లౌకిక వివరణలు ఎక్కువగా ఈ రెండో దారిలో నడిచేవే. అవి అలౌకికం లేదని నిరూపించవు, ఉందనడానికి చూపిన ఆధారాన్ని మాత్రం తొలగిస్తాయి. ఈ తేడాను విశ్వాసులూ హేతువాదులూ కూడా తరచుగా విస్మరిస్తారు.

ఇందుకు ఇంగ్లండులోని కాటింగ్లీ ఉదంతాన్ని మించిన నిదర్శనం దొరకడం కష్టం. బ్రాడ్‌ఫర్డ్ సమీపంలోని ఆ ఊళ్లో 1917లో ఎల్సీ రైట్ అనే పదహారేళ్ల అమ్మాయి, ఆమె బంధువైన తొమ్మిదేళ్ల ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్ కలిసి, ఇంటి వెనుక వాగు ఒడ్డున ఎల్సీ తండ్రి కెమెరాతో రెండు ఫొటోలు తీశారు. ఒకదానిలో రెక్కలున్న చిట్టి స్త్రీమూర్తులు ఫ్రాన్సిస్ ఎదుట నాట్యం చేస్తుండగా, రెండోదానిలో ఒక మరుగుజ్జు ఆకారం ఎల్సీని సమీపిస్తూ కనిపిస్తుంది. ఐరోపా జానపద విశ్వాసంలో అడవులలో, నీటి ఒడ్డున సంచరించే ఇటువంటి చిట్టి మాయాజీవులనే ఫెయిరీలంటారు. 1919లో ఎల్సీ తల్లి దివ్యజ్ఞాన సమాజ సభలో ఈ సంగతి ప్రస్తావించడంతో ఫొటోలు ఆ సమాజానికి చెందిన ఎడ్వర్డ్ గార్డ్‌నర్‌కు చేరాయి. త్వరలోనే షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయిల్ కూడా వాటిని చూశాడు. మద్రాసు అడయారు కేంద్రంగా నడిచే ఆ సమాజంలో ప్రకృతికి అధిదేవతలుంటారన్న బోధ అప్పటికే స్థిరపడి ఉన్నందువల్ల, గార్డ్‌నర్‌కు అవి వింతగా కాక, తెలిసిన సిద్ధాంతానికి సాక్ష్యంగా తోచాయి. డాయిల్ 1920 డిసెంబరు స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వాటి గురించి వ్యాసం రాసి, 1922లో ఏకంగా పుస్తకమే ప్రచురించాడు.

డాయిల్ కారణదోషం వెతకనే లేదనడం అన్యాయం. ఒక ఫొటోగ్రఫీ నిపుణుడు నెగెటివ్‌లలో మార్పుచేర్పులేవీ లేవన్నాడు. కొడాక్ సంస్థ మాత్రం ధ్రువపత్రం ఇవ్వడానికి నిరాకరించింది. అయితే పరీక్షంతా నెగెటివ్ చుట్టూ తిరిగిందే తప్ప కెమెరా ముందు ఏముందన్న ప్రశ్న మీద నిలవలేదు. నిజానికి కెమెరా తన ముందున్నదానినే నమోదు చేసింది. అక్కడున్నవి అట్ట మీద గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టిన బొమ్మలు. ఈ సంగతిని ఇద్దరూ వృద్ధాప్యంలో, 1983లో ఒప్పుకున్నారు. నాట్యభంగిమలకు మూలం 1914 నాటి ప్రిన్సెస్ మేరీస్ గిఫ్ట్ బుక్ అనే పుస్తకంలోని ఒక బొమ్మ. అదే పుస్తకంలో డాయిల్ కథ కూడా ఒకటి ఉంది!

న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడి నిర్వచనంలో ఆప్తుడు, అంటే నమ్మదగిన వక్త, విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకొని, తెలుసుకొన్నట్టే చెప్పాలని కోరేవాడు. డాయిల్ ఈ రెండో లక్షణాన్ని పరీక్షించడానికి బదులు, శ్రామిక కుటుంబపు పిల్లలకు అంత నేర్పు ఉండదని ఊహించుకున్నాడు. ఎల్సీ చిత్రలేఖనం తెలిసిన పిల్ల అన్న విషయం కూడా ఆ ఊహను కదిలించలేదు. ఇందులో కరుణకంటె చిన్నచూపే ఎక్కువ.

భ్రమ ఎలా పుడుతుందన్న ప్రశ్నకు ప్రాభాకర మీమాంసకులు చెప్పిన అఖ్యాతివాదం ఇక్కడ బాగా అన్వయిస్తుంది. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకున్నవాడికి కలిగింది ఒక తప్పు జ్ఞానం కాదనీ, ఎదుటి మెరుపు ప్రత్యక్షమూ వెండి స్మృతీ అనే రెండు జ్ఞానాల మధ్య భేదం గోచరించకపోవడమేననీ వారి వాదం. డాయిల్ తండ్రి చార్ల్స్ ఫెయిరీల చిత్రాలు గీసినవాడు, పెదతండ్రి రిచర్డ్ ఆ చిత్రాలకే పేరుపొందినవాడు. 1918లో కొడుకును పోగొట్టుకొన్న డాయిల్ మనసు కంటికి కనిపించని లోకం కోసం తపిస్తున్నది. ఆ మనసు ముందుకు వచ్చిన ఫొటోలోని మూర్తులు పుస్తకాలలోని ఫెయిరీలను అచ్చంగా పోలి ఉండటం నిజానికి అనుమానం రేపవలసిన అంశం. ఆయనకు అదే రుజువైంది.

వింత దర్శనాలన్నీ మోసాలు కావు. స్విస్ శాస్త్రజ్ఞుడు చార్ల్స్ బోనే 1760లో, చూపు మందగించిన తన తాతకు లేని మనుషులు, పక్షులు, భవనాలు స్పష్టంగా కనిపించేవని నమోదు చేశాడు. ఆ వృద్ధుడికి మతిభ్రమ లేదు, అవి నిజం కావని ఆయనకు తెలుసు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడే బొమ్మలు కల్పించుకొనే ఈ స్థితిలో, వింత దుస్తులు ధరించిన అంగుళాల ఎత్తు మనుషులు కనిపించడం వైద్యులకు పరిచితమైన విషయమే. నిద్రలో కలలు వచ్చే దశలో సడలిపోయే కండరాలు మెలకువ వచ్చాక కూడా కాసేపు కదలకపోతే, గుండెల మీద దయ్యం కూర్చున్నదన్న అనుభవం కలుగుతుంది. ఇక్కడ చెప్పినవారు అబద్ధమాడటం లేదు. 1995 సెప్టెంబరు 21న భారతదేశమంతటా వినాయక విగ్రహాలు పాలు తాగాయన్నప్పుడైతే కంటికి కూడా దోషం లేదు. చెంచాలోని పాలు నిజంగానే తగ్గాయి. తలతన్యత వల్ల చెంచా అంచు దాటిన పాలు పలుచని పొరగా విగ్రహం మీదుగా కిందికి జారాయని పాలకు రంగు కలిపి చూసిన శాస్త్రజ్ఞులు చూపించారు. తప్పు ‘తాగింది’ అన్న అనుమానంలో, అంటే కనిపించినదాని నుంచి చేసిన ఊహలో ఉంది.

ఇటువంటి వివరణలతో మతం కూలిపోతుందని భయపడేవారు గమనించవలసిన విషయం ఒకటుంది. వేదప్రామాణ్యాన్ని అంత పట్టుదలతో సమర్థించిన కుమారిలుడే, యోగులు ఇంద్రియాలకు అందనివాటిని ప్రత్యక్షంగా చూస్తారన్న వాదాన్ని ఖండించాడు. ధర్మం ప్రత్యక్షానికి విషయం కాదన్నది మీమాంసకుల మూలసూత్రం. డాయిల్ నడిచింది దీనికి సరిగ్గా ఎదురు దారిలో. పరలోకాన్ని ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీదికి తెచ్చిన క్షణంలోనే దానిని కెమెరాకూ, అట్టకూ, పిన్నుకూ జవాబుదారీ చేశాడు.

ఫొటోలు మొత్తం అయిదు. చివరి మూడూ 1920లో తీసినవి. అయిదోది మాత్రం నిజమైనదని, తాను ఫెయిరీలను నిజంగానే చూశానని ఫ్రాన్సిస్ చెబుతూ వచ్చింది. అయిదూ కల్పితమేనని ఎల్సీ అన్నది. ఫ్రాన్సిస్ వాగు ఒడ్డున ఏమీ చూడలేదని ఎవరూ నిరూపించలేరు. కాని ఆ ఫొటోను ఆమె చూపుకు సాక్ష్యంగా స్వీకరించడం ఏ ప్రమాణశాస్త్రం ప్రకారమూ కుదరదు.