పాటకు ప్రతిఫలము - పంపకములో ధర్మము

శ్రమకు విలువ కట్టుట కంటె ఆ విలువను శ్రమించినవానికి చేర్చుట కష్టతరము. నేటి సంగీత ప్రపంచమే ఇందుకు నిదర్శనము.

పూర్వము రికార్డు అమ్మకమున గాయకునికి దక్కు భాగము స్వల్పమే అయినను, అది ఆ రికార్డు లెక్కలోనిదే. నేటి శ్రోత రికార్డు కొనుట లేదు. నెలచందా చెల్లించి, అంతర్జాలము ద్వారా కోరిన పాట వినుచున్నాడు. 2008లో స్వీడన్‌లో సేవలు ప్రారంభించిన స్పాటిఫై 2019లో భారతదేశమునకు వచ్చినది. ఇట్టి సంస్థలలో పెక్కు చందాలన్నింటిని ఒక్క రాశిగా పోసి, తమ భాగము పోగా మిగిలినదానిని, ఏ పాట ఎన్ని మారులు వినబడినదో ఆ నిష్పత్తిలో హక్కుదారులకు పంచును.

పైకి ఇది సమధర్మముగనే తోచును. కాని ఇద్దరు శ్రోతలు చెరి నూరు రూపాయలు చెల్లించిరనుకొందము. ఒకడు వీణాగానమును 10 మారులు, రెండవవాడు సినిమాపాటను 90 మారులు వినెను. సంస్థ భాగము నటుంచి లెక్కించినచో, వైణికునికి 20 రూపాయలు, సినిమాపాటకు 180 రూపాయలు చేరును. మొదటివాని నూటిలో 80 రూపాయలు అతడు విననే వినని పాటకు పోయినవి!

అంతేకాదు. 2024 నుండి స్పాటిఫైలో, గడచిన 12 నెలలలో 1,000 మారులైనను వినబడని పాటకు ప్రతిఫలమే లేదు. అట్టి చిల్లర మొత్తములు బ్యాంకు రుసుములకే పోవుచున్నవని సంస్థ సమాధానము. అయినను ఆ ధనము చేరునది తక్కిన పాటలకే కదా!

ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి బియ్యము తెచ్చినపుడు, లక్కమ్మ దానిని తిరిగి ఇచ్చి రమ్మన్నదని శరణుల చరిత్ర చెప్పుచున్నది. కాయకమునకు మించినది తనది కాదనుటయే ఆమె నీతి.

ఈ సేవల వలన సామాన్యుడు స్వల్ప వ్యయముతో సంగీతము వినగలుగుచున్నాడు. దొంగప్రతులు కొంత తగ్గినవి. ఈ మేలును కాదనరాదు. ఎవని చందాను అతడు విన్నవారికే పంచు పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో కొందరు కళాకారులకు ప్రారంభించినది. దీనివలన మొత్తము ధనము పెరుగదు. ప్రతి చిన్న గాయకుడును ధనవంతుడు కాడు. అయినను ఇచ్చినవాని సంకల్పము పుచ్చుకొన్నవానిని చేరును. ధర్మము కోరునది అంతియే.

విన్న పాటకు శ్రోత ఋణపడును. చందా చెల్లించుటతో ఆ ఋణము తీరదు. అది పాడినవానిని చేరినపుడే తీరును.