కణాదుడికి మన అబద్ధం అక్కర్లేదు



ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్ అన్నీ కణాద మహర్షి ముందే చెప్పేశాడు, తెల్లవాళ్లు కాపీ కొట్టారు, పది మందికి పంపండి అని. దాచడం ఎందుకు, నేనూ పంపాను. మిషిగన్‌లో ఉన్న మా మనవడు దాన్ని సైన్స్ క్లాసులో చెప్పాడు. టీచరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "బాగుంది, ఏ గ్రంథంలో ఉందో తెచ్చి చూపిస్తావా?" అని అడిగిందట. వాడు ఇంటికొచ్చి ఫోన్ చేశాడు: "తాతయ్యా, ఏ పేజీలో ఉంది?"

నా దగ్గర పేజీ లేదు. అప్పుడు కూర్చుని చదివాను.

వైశేషికులు చెప్పింది ఇదీ. వస్తువును ముక్కలు చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగదంటే ఆవగింజలోనూ అనంతమైన ముక్కలే, మేరు పర్వతంలోనూ అనంతమైన ముక్కలే. రెండూ సమానమని ఒప్పుకోవాలి. ఆగినచోట ఉన్నదే పరమాణువు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్రసరేణువు, అంటే కిటికీలోంచి పడే ఎండలో మనకు కనిపించే నలుసు. చేతిలో ఏ యంత్రమూ లేదు, ఒక్క తర్కం తప్ప. ఇది చాలదా మనం గర్వపడటానికి?

కానీ అందులో ఎలక్ట్రాన్ లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. ఆ పరమాణువు నిరవయవం, అంటే దానికి లోపల భాగాలే లేవు. పొగుడుతున్నామనుకుని మనం ఆయన సిద్ధాంతాన్నే తలకిందులు చేస్తున్నామన్నమాట!

ఇంకో సంగతి. ఈ పరమాణువాదాన్ని గట్టిగా ఖండించింది ఎవరో తెలుసా? శంకర భగవత్పాదులు, బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో. భాగాలు లేనివి రెండు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయి, ఏ వైపు తాకుతాయి, అసలు వైపులే లేవు కదా అని నిలదీశారు. దీంతో శంకరులు మహర్షిని అవమానించారని మీరెవరైనా అంటారా? అనరు. మరి మనం తప్పు దిద్దితే మాత్రం అపచారమా? నన్ను నిలబెట్టిన ప్రశ్న ఇదే.

అటువైపు కథ చూడండి. అణువు విడదీయలేనిదనే డాల్టన్ కూడా అనుకున్నాడు. 1897లో థామ్సన్ దాని లోపల ఎలక్ట్రాన్‌ను పట్టుకుని, అణువంటే ధనావేశపు ముద్దలో ఎలక్ట్రాన్లు పొదిగినట్టుంటుందన్నాడు. 1911లో ఆ ముద్దను పగలగొట్టింది ఎవరు? ఆయన శిష్యుడే, రూథర్‌ఫర్డ్. బంగారు రేకు మీద ఆల్ఫా కణాలు వదిలితే కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. మధ్యలో గట్టి కేంద్రకం ఉందని తేలింది. 1913లో బోర్ గీసిన కక్ష్యల బొమ్మ, మన పిల్లల పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుందే అది, పదిహేనేళ్లైనా నిలవలేదు. 1927లో న్యూయార్క్ బెల్ ల్యాబ్స్‌లో డేవిసన్, జెర్మర్ ఎలక్ట్రాన్ అలలా కూడా ప్రవర్తిస్తుందని చూపించారు. అదే సంగతిని స్కాట్లండ్‌లో రుజువు చేసినవాడు థామ్సన్ గారి సొంత కొడుకు. కణమని చూపించిన తండ్రికి 1906లో నోబెల్, అల అని చూపించిన కొడుక్కి 1937లో నోబెల్. అప్పటికి తండ్రి బతికే ఉన్నాడు. ఆ ఇంట్లో పితృభక్తికి లోటు వచ్చిందని నేను అనుకోను.

రూథర్‌ఫర్డ్ శిష్యుడు చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టాడు. ఆ చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేసినవారిలో మన సన్యాసి ఒకరున్నారు. స్వామి జ్ఞానానంద. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేసి, 1927లో జర్మనీ వెళ్లి, అక్కడ భౌతికశాస్త్రం వైపు తిరిగారు. ప్రాగ్‌లో డాక్టరేట్, తర్వాత లివర్‌పూల్, యుద్ధకాలంలో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీ. 1947లో న్యూయార్క్‌లో అచ్చయిన ఆయన పుస్తకం దేని గురించో తెలుసా? గాలిని తోడేసి శూన్యాన్ని ఎలా తయారుచేయాలి, దాన్ని ఎలా కొలవాలి అని! ధ్యానంలో ఏళ్లు గడిపినవారు పంపులు, గేజీల లెక్కలు రాస్తూ కూర్చున్నారు. అరవై ఏళ్ల వయసులో, 1956లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక విభాగం నెలకొల్పారు. అంతా ముందే మనకు తెలుసనుకుంటే ఆయన ఆ సముద్రాలు దాటేవారా?

మనవడికి ఫోన్ చేసి, ఏ పేజీలోనూ లేదురా, తాతయ్య చూడకుండా పంపాడు అని చెప్పాను. చెప్పడం కష్టమే అయింది. కానీ ఈ ఒక్కటీ అబద్ధమని వాడంతట వాడే తేల్చుకుంటే, రేపు నేను చెప్పే గీతను కూడా అదే సంచిలో పడేస్తాడు కదా. వాడు కాసేపు ఆగి, "టీచర్‌కి అలాగే చెప్పనా?" అన్నాడు. చెప్పమన్నాను. ఆవగింజ, మేరు పర్వతం సంగతి కూడా చెప్పమన్నాను. మీ ఇంటికి గంట దూరంలోనే మన స్వామీజీ పనిచేశారని కూడా.

తర్వాత, ఆ మెసేజ్ పంపిన గ్రూపులన్నింట్లోనూ సవరణ పెట్టాను. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఒకాయన మాత్రం శంకర భాష్యం తెలుగులో ఎక్కడ దొరుకుతుందని అడిగారు. 🙏