మనకు ముందుగా ప్రయాసపడిన తల్లులు

ధ్యాన భాగము: యోహాను సువార్త 9:1-7



ఈ భాగములో పుట్టుగ్రుడ్డి యొకడు కనబడుచున్నాడు. శిష్యులు వానిని చూచి, వానికి ఏమి చేయగలమని ప్రభువును అడుగలేదు. తప్పు వానిదా, కన్నవారిదా అని అడిగిరి. ప్రభువు ఆ లెక్క తేల్చుటకు ఒప్పుకొనలేదు. వంగి, బురద చేసి, పనిలోనికి దిగెను.

ఆ ప్రశ్న మన ఇండ్లలో ఇంకను చావలేదు. బిడ్డ మొర్రితో పుట్టినచో తల్లి గ్రహణము చూచినదందురు. వెన్నుమీద నీటితిత్తితో పుట్టినచో ఎవరి శాపమో అందురు. విశ్వాసులమైన మనము అనమా? పరామర్శకు వెళ్లి, ప్రార్థన చేసి, గుమ్మము దాటగానే అనుచున్నాము.

షోలాపూరులో మా సంఘపు సహోదరి ఒకామెకు చాల సంవత్సరముల క్రిందట తొలిచూలు బిడ్డ అట్లే పుట్టి, తొమ్మిది దినములకు ప్రభువు సన్నిధికి చేరెను. భూస్థాపన జరిగిన సాయంత్రమే అత్తవైపు పెద్దామె, "ఈ పిల్ల ఏమి చేసినదో ఏమో అయ్యగారూ" అని నాతో అనెను. నేను బదులు చెప్పలేదు. ఆ మౌనము నేటికిని నాకు బరువే.

ఆ బిడ్డకు కలిగినదేమి? గర్భములో మొదట పలుచని రేకువలె ఉన్న భాగము ముడుచుకొని గొట్టముగా మూసికొనును. అదియే తరువాత మెదడు, వెన్నుపాము అగును. గర్భము నిలిచిన సుమారు 28 దినములలోనే ఈ పని ముగియును. అప్పటికి నెల తప్పిన సంగతి చాలమంది తల్లులకు తెలియనే తెలియదు. ఆ గొట్టము ఎక్కడనైన మూసికొనకపోయినచో బిడ్డ వెన్ను తెరచుకొని గాని, పుర్రె ఏర్పడక గాని పుట్టును. వీటిలో చాల భాగము ఫోలిక్ ఆసిడ్ అను విటమినువలన ముందుగానే తప్పింపవచ్చును.

ఈ సంగతి తెలియుటలో మన ప్రాంతపు వారికిని పాలున్నది. 1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, నూలు మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించెను. మన తెలుగువారు అనేకులు పొట్టచేత పట్టుకొని వచ్చినది ఆ మిల్లులకే గదా! ఈస్టునుండి తీసిన మార్మైటు అను చవక పదార్థము ఆ స్త్రీలకు మేలుచేసెనని ఆమె 1931లో ప్రచురించెను. అందలి గుణము ఫోలిక్ ఆసిడ్‌దని తరువాత తెలిసెను. దానిని 1945 నాటికి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయినను ఆ మిల్లు స్త్రీల పేర్లు మనలో ఎవరికి తెలియును?

మరి ఆ విటమిను బిడ్డ వెన్నును కాపాడునని రుజువు చేసినది ఎవరు? అట్టి బిడ్డను ఒకసారి కని, పోగొట్టుకొనియో, కష్టముతో పెంచుచునో ఉన్న తల్లులే. 1983 నుండి 1991 వరకు బ్రిటను మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆధ్వర్యములో 7 దేశములలోని 33 కేంద్రములలో 1,817 మంది స్త్రీలు తమంతట తామే ఒప్పుకొని ముందుకు వచ్చిరి. మరల గర్భము ధరించుటకు ముందునుండి ప్రతిదినము ఒక మాత్ర మ్రింగిరి. సగము మందికి ఇచ్చిన మాత్రలో ఫోలిక్ ఆసిడ్ ఉన్నది, సగము మందికి ఇచ్చినదానిలో లేదు. ఎవరిది ఏదో వారికి గాని, చూచుచున్న డాక్టర్లకు గాని తెలియదు. ఇది న్యాయమా అని ఆ దినములలోనే కొందరు పోట్లాడిరి. పోట్లాడుట తప్పు కాదని నా తలంపు. మేలు స్పష్టమైన వెంటనే 1991 ఏప్రిల్‌లో ఆ పరిశోధనను ఆపివేసిరి. ఫలితము తేలిన 1,195 గర్భములలో 27 మంది శిశువులకు ఆ లోపము కలిగెను. 21 మంది ఫోలిక్ ఆసిడ్ లేని వైపువారు, 6 మంది ఉన్న వైపువారు.

ఆ ఆరుగురి యొద్ద కొంచెము ఆగుదము. ఆ తల్లులకు మాత్రలో మందు ఉన్నది. అయినను బిడ్డకు లోపము కలిగెను. గనుక ఈ జ్ఞానము మనచేతిలో క్రొత్త రాయి కాకూడదు. "మాత్రలు వేసికొనలేదు గనుకనే అట్లు పుట్టినది" అనుటయు శిష్యుల పాత ప్రశ్నయే, ఆస్పత్రి భాషలో. తక్కిన ఇరువది యొక్కరి దుఃఖము లేనిదే మన కోడండ్రకు ఈ మార్గము తెలిసియుండెడిది కాదు.

ఇక చేయవలసిన పని. సంఘములో పెండ్లి ప్రకటనలు చదువునప్పుడే ఆ అమ్మాయికి ఫోలిక్ ఆసిడ్ మాట చెప్పుడి. గర్భమునకు కనీసము ఒక నెల ముందునుండి మొదటి మూడు నెలలవరకు దినమునకు 400 మైక్రోగ్రాములు చాలును. మునుపు అట్టి బిడ్డ కలిగినవారికి మోతాదు ఎక్కువ, గనుక డాక్టరును అడుగవలెను. కాపరులు ఇది చెప్పుటకు సిగ్గుపడిన యెడల కాపరుల భార్యలు చెప్పుదురు గాక.

మరియొకటి. పెద్ద ఆస్పత్రులలో పరిశోధనకు ఒప్పుకొందురా అని గర్భిణీ స్త్రీలను అడుగుచుందురు. భయపడి పారిపోవద్దు, చదువక సంతకము చేయవద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నదా, బిడ్డకు ప్రమాదమేమి, మధ్యలో మానుకొనవచ్చునా అని అడుగుడి. వద్దనినను వైద్యము ఆగకూడదు. మీకు అర్థమగు భాషలో వివరించుట వారి బాధ్యత. అయితే మన కష్టము మీరెరుగుదురు. ఫారము కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో ఉండును, నర్సమ్మకు తీరిక ఉండదు. రెండు భాషలు వచ్చిన సహోదరీలు సంఘమునకు ఇద్దరుండి, వెంట వెళ్లినచో ఎంత మేలు!

పైన చెప్పిన సహోదరి నేడు మా స్త్రీల సమాజములో ఆ పని చేయుచున్నది. మొన్న బుధవారము ఐదవ నెల నిండిన ఒక చిన్నదానితో ఆస్పత్రికి వెళ్లి, రెండు గంటలు వరుసలో నిలిచి, ఆ పిల్ల తెలుగులో అడిగినదంతయు మరాఠీలో అడిగెను. సంతకము చేయక, భర్తతో ఆలోచించుటకు కాగితము ఇంటికి తెచ్చుకొనిరి. వచ్చే సోమవారము మరల వెళ్లుదురు.